నాలుగో నంబరు

ఒకటో నంబరు మీద ఏమీ లేదు.
రెండు, మూడు మీదా లేదు.
నాలుగులో పెడితే
ఈగ రెక్క విదిలించినంత.

చీమకుర్తి దాటి నాలుగు కిలోమీటర్లు రాలేదు ఇంకా.
రోహిణీ కార్తె ఎండ
అద్దాల మీద కాళ్ళు చాపుకుని కూచుంది.
దించితే రాళ్ళ లారీల దుమ్ము,
ఎత్తితే ఉడుకు.
దించాను, ఎత్తాను, మళ్ళీ దించాను.
వెనక సీట్లో మాలకొండయ్య మామ
ఏమీ అనలేదు.
తన ఊపిరితిత్తుల ఎక్సరేతో
తనే విసురుకుంటన్నాడు.

సంతనూతలపాడులో కాలేషా షెడ్డు.
షెడ్డంటే నాలుగు రేకులు,
తడిగుడ్డ చుట్టిన బిందె,
పొద్దుట్నించీ ఎవరూ తాగని టీ గ్లాసు.
"గ్యాసు అయిపోయిందేమో" అన్నాను.
"గ్యాసు పోతే గాలి వేడిగా వచ్చుద్ది.
అసలు గాలే రాలేదంటే
అది చల్లదనం జబ్బు కాదన్నా, ఊపిరి జబ్బు."
అనేసి, వెనక సీటు వైపు చూసి
నాలుక్కరుచుకున్నాడు.

ముందు ఫ్యూజు.
పీకి ఎండకి పట్టి చూశాడు,
లోపలి వెంట్రుకంత తీగ తెగలేదు.
రిలే మీద వేలు పెట్టి, స్విచ్చెయ్యి అన్నాడు.
టిక్కుమంది. నాడి ఉంది.
టెస్టు లైటు మోటారు దగ్గరా వెలిగింది.
కరెంటు వస్తంది, మోటారు తిరుగుతంది.
చెవి ఆనించి వింటే
దుప్పటి ముసుగులో ఏడ్చేవాడి గొంతులాగా
లోపలెక్కడో గుయ్యిమంటంది.

డాష్‌బోర్డు డబ్బా ఊడదీశాడు.
నా సంసారమంతా కిందపడింది:
ఎఫ్‌సీ కాయితాలు, దగ్గు మందు సీసా మూత,
మా చిన్నదాని బొమ్మకి ఊడిన చెయ్యి,
ఏ కిరాయి మనిషి మర్చిపోయాడో, ఒక కళ్ళజోడు.
"ఇది ఎప్పుడు మార్పించావు?"
ఏది?
అక్కడొకటి ఉంటదనే నాకు తెలీదు.
నాకు బండి అమ్మినాయనా చెప్పలేదు.

లాగితే అది ఫిల్టరులా లేదు,
గోడలోంచి పీకిన ఇటుకలా ఉంది.
నేలకేసి కొట్టాడు.
బూడిదరంగు పిండి లేచింది,
మధ్య మధ్య ఎండ తగిలి
తళుక్కుమనే చుక్కలు.

ఇంతసేపూ దిగని మామ అప్పుడు దిగాడు.
వంగి చిటికెడు తీసుకుని
వేళ్ళ మధ్య నలిపాడు,
వడ్ల బేరగాడు గింజ చూసినట్టు.
"మాదే" అన్నాడు.
"పాలిషింగుది కాదు. అది నీళ్ళలో కలిసి బురదై పోద్ది.
ఇది డ్రిల్లుది. ఎగిరేది ఇదే."
ఇరవై రెండేళ్ళు డ్రిల్లు పట్టిన చేతులు.
ఏమీ పట్టుకోనప్పుడు కూడా సన్నగా అదురుతుంటాయి.

సరిపోయే ఫిల్టరు కాలేషా దగ్గర లేదు.
వేరే కంపెనీదాన్ని కత్తెరతో రెండు పక్కలా తగ్గించి
లోపలికి తోశాడు.
నాలుగులో పెట్టాను.
ముందు ఒక తుమ్ము,
ఎండాకు ముక్కలు, రెండు చచ్చిన చీమలు.
తర్వాత గాలి.
మూడులో. రెండులో. ఒకటిలో కూడా.

నాలుగొందల యాభై అడిగి
నాలుగొందలు తీసుకున్నాడు.
పాతదాన్ని డ్రమ్ములోకి విసరబోతే
మామ చెయ్యి అడ్డం పెట్టాడు.
"ఇటియ్యబ్బాయా.
పెద్దాసుపత్రిలో డాక్టరమ్మ పోయినప్పుడల్లా అడుగుద్ది,
ఎంత దుమ్ము పీల్చావు అని.
ఎంతంటే ఏం జెప్పాల?
మానికతో కొలిచి పీల్చామా?"

ఎక్సరే కవరులో అది పట్టలేదు.
తువ్వాల్లో మూటగట్టి
ఒళ్ళో పెట్టుకుని కూచున్నాడు,
ఎవరికో సద్ది తీసుకుపోతున్నట్టు.

పేర్నమిట్ట దాకా ఎవరం మాట్లాడలేదు.
గాలి వెనక్కి పోవాలని
ఏసీ మూతులు పైకి తిప్పాను.
"చాలు", మామ దగ్గుకి కాసేపు ఆగి,
"చాల్లే అబ్బాయా, చలేస్తంది.
రెండులో పెట్టు."

రెండులో పెట్టాను.